కంటి అంచున పిడుదు

మునెయ్య ముప్పై ఏళ్లుగా తిరుపతి చుట్టుపక్కల ఇళ్లల్లో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదులుతున్నాడు. ఆ పొద్దు చంద్రగిరి దగ్గర మామిడితోటలో దొరికిన నాగుపాము మాత్రం బుస కూడా కొట్టలేదు. పశువుల డాక్టరు మోహన ఆసుపత్రి బల్లమీద, కాటెయ్యకుండా దాని తలను ప్లాస్టిక్ గొట్టంలోకి పంపి, ఒంటిని తడిమి చూసింది. పొలుసుల సందుల్లో పిడుదులు, రక్తం తాగి సెనగగింజల్లా ఉబ్బి ఉన్నాయి. ఒంటిమీదివన్నీ ఏరేసింది. పెద్దది కుడికంటి అంచున కరుచుకొని ఉంది.

"దాన్ని తీయాలంటే తల బయటికి రావాల్సిందే. ఇంత రక్తం పోయినదానికి మత్తిస్తే మళ్లీ లేవదన్నా. పట్టుకుంటావా?"

"నాకిదేం కొత్తా తల్లీ," అన్నాడు మునెయ్య.

అన్నాడే గానీ, పోయినేడు రక్తపింజర కాటేసినప్పటినుంచీ అతని కుడి బొటనవేలికి స్పర్శ లేదు. ఆ సంగతి పెళ్లాం వరదమ్మకు కూడా చెప్పలేదు. చెబితే ఇక పాము జోలికి పోనియ్యదు.

కుడిచేత్తో తల వెనక పట్టు బిగించి గొట్టంలోంచి లాగినాడు. పాము అతని మోచేతికి చుట్టుకుంది. మోహన పట్టకారు కంటి దగ్గరికి తెచ్చింది. అప్పుడు చూపుడువేలి కింద దవడ మెల్లగా జారినట్టు తెలిసింది. బొటనవేలు అదిమిందో లేదో మాత్రం తెలియలేదు. మోహన వేళ్లు పాము నోటికి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"చెయ్యి ఎనక్కి తీసుకో తల్లీ!"

ఆమె తీసుకున్న క్షణమే పాము గాలిని కొరికింది. బల్లమీద విషపుచుక్క పడింది. మునెయ్య ఎడమచేత్తో తల అదిమిపట్టినాడు.

"నా బొటనేలు సచ్చిపోయి ఏడాదయింది. సెప్పలే. తప్పు నాది."

మోహన పట్టకారు బల్లమీద పెట్టింది. ఇన్నాళ్లూ ఆమె చేత్తో పట్టింది విషంలేని జెర్రిపోతుల్నే.

"నిన్ను తర్వాత తిడతా," అంది. "తల నేను పడతా. పిడుదు నువ్వు తీస్తావా?"

"మేకలకు సిన్నప్పటినుంచీ తీసినోణ్ణే. నా ఏలి పక్కన నీ ఏలు పెట్టు. ఎముక తగల్తాందా? అంత గట్టిగా వద్దు, దానికి ఊపిరాడాల. ఆఁ... వదుల్తాండా."

వదిలినాడు. తల మోహన పట్టులో నిలిచింది. మునెయ్య ఎడమచేత్తో పట్టకారు అందుకొని, పిడుదును చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగినాడు. మూతితో సహా ఊడొచ్చింది. కంటికి గీత కూడా పడలేదు.

పాము పెట్టెలోకి పోయి మూత పడ్డాక మోహన చేతులు కడుక్కుంది. మునెయ్యను తిట్టనైతే తిట్టలేదు. "రేపు నాతో నరాల డాక్టరు దగ్గరికి రావాల," అంది.

రెండు వారాల తర్వాత అడవి అంచున, కోలుకున్న పాము ఉన్న సంచి మూతి విప్పింది మోహన. మునెయ్య పదడుగుల ఎడంగా నిలబడి, "తొందరొద్దు తల్లీ, సంచి వాల్చి పక్కకి జరుగు" అని చెబుతున్నాడు.