చక్రానికి మొక్కిన చెయ్యి

“గన్ను పనిచెయ్యలేదు యాడీ. నా తప్పేం లేదు,” అన్నాడు దేవ్లా తల్లితో.

ఇల్లందు బస్టాండు పక్కన వెంకటరామారావు ఎస్టీడీ బూత్‌లో ఫోనుకు స్పీకరు ఉంది. జపాన్ నుంచి కొడుకు గొంతు వినడానికి సోమ్లి, ఆమె వెంట కోడలు రూప్లి, ప్రతి ఆదివారం తండా నుంచి ఆటో ఎక్కి వచ్చి ఆ స్పీకరు ముందు కూర్చుంటారు. పందెం ఉన్న వారమైతే శనివారం కూడా వస్తారు.

“విన్నవా?” అంది సోమ్లి, కోడలి వైపు తిరిగి. “నా కొడుకు తప్పు లేదంట.”

“కారు ఏమైంది?” అంది రూప్లి స్పీకరుకేసి.

“చక్రం ఊడిపోయింది. కారు పోయి గోడకు గుద్దింది. డ్రైవరుకు మణికట్టు ఇరిగింది. ఇగ ఈ ఏడాది నడపడు.”

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా తొమ్మిది పందేలు. ఫార్ములా నిప్పన్ అంటారు. ఒక్క మనిషి పట్టే కారు, పైన కప్పుండదు, చక్రాలు నాలుగూ బయటికే ఉంటాయి. అందరికీ ఒకే రకం బండి. అందుకని పందెం మధ్యలో కారు ఆగినప్పుడు చక్రాలు మార్చేవాళ్ళు రెండు క్షణాలు తగ్గిస్తే మూడు కార్లను దాటేసినట్టే. అట్లా మార్చేవాళ్ళలో దేవ్లా ఒకడు. కొత్తగూడెం బొగ్గు లారీల షెడ్డులో పదేళ్ళు, కోయంబత్తూరులో పందెం కార్ల షెడ్డులో నాలుగేళ్ళు పనిచేశాడు. అక్కడి మేనేజరు జపాన్ టీముకు పోతూ ఇతన్ని వెంట తీసుకుపోయాడు. కుడివైపు ముందు చక్రం దేవ్లాది. కొత్త చక్రం ఎక్కించి, గాలితో తిరిగే గన్నుతో నట్టు బిగించి, చెయ్యి పైకెత్తాలి. నాలుగు వైపులా చేతులు లేస్తే, ముందు బోర్డు పట్టుకున్నవాడు బోర్డు ఎత్తుతాడు. కారు దూకుతుంది. ఇవన్నీ రూప్లికి ఇప్పుడు నోటికి వచ్చు.

“మరి గన్నుకు ఏమైంది?” అంది.

“గాలి సరిగ రాలేదు. గన్నులు చూసేది మోరీ సాబ్. ఆయననే అడుగుతున్నరు. రేపు కాదు, పై సోమవారం ఆఫీసుల మీటింగ్ ఉంది. ఆయనను తీసేస్తరేమో.”

మోరీ సాబ్ అంటే రూప్లికి తెలుసు. మొదటి నెలలో దేవ్లాకు అక్కడి తిండి గొంతు దిగకపోతే, రోజూ ఇంటి నుంచి నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టి తెచ్చిన ముసలాయన. వచ్చే మార్చికి రిటైరయ్యేవాడు.

“గాయన పాపం గాయనది,” అంది సోమ్లి. “నువ్వు మంచిగ తిను బిడ్డా.”

బుధవారం సంతకని రూప్లి ఇల్లందు వచ్చినప్పుడు వెంకటరామారావు రోడ్డు మీదికొచ్చి మరీ పిలిచాడు. బూత్ వెనక గదిలో ఆ మధ్యే ఒక ఇంటర్నెట్ కంప్యూటర్ పెట్టాడు. పరీక్షల ఫలితాలు చూడడానికి తప్ప దాని మొహం ఎవరూ చూడరు.

“రావమ్మా రూప్లీ. మీ ఆయన సినిమాల వచ్చిండు. ఎవరో జపానోడు తీసి పెట్టిండు. పొద్దుగాల పెట్టిన, ఇప్పటికి దిగింది.”

ముప్పై సెకన్ల బొమ్మ. తలకు టోపీలు, ఒంటికి ఒకే రంగు బట్టలు. కారు వచ్చి ఆగింది. ముందు కుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నవాణ్ణి రూప్లి వీపు చూసే గుర్తుపట్టింది. పాత చక్రం తీశాడు. కొత్తది ఎక్కించాడు. ఎడమ చేతిలో గన్ను ఉంది. కుడి అరచేత్తో చక్రాన్ని తాకాడు. ఆ చేతిని కళ్ళకు, అక్కడి నుంచి నొసటికి, ఇంకా పైకి నెత్తి మీదికి తీసుకుపోయాడు. బోర్డు లేచింది. కారు ఉరికింది. దేవ్లా గన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. చక్రం ఒక్కటే వేరే దారిన పోయింది.

“చూసినవా? చెయ్యెత్తిండు,” అన్నాడు వెంకటరామారావు. “అంటే బిగించిన అనుకున్నడు. పాపం గన్నే మోసం చేసింది.”

“ఇంకోపారి పెట్టు అన్నా.”

మూడుసార్లు చూసింది. కొత్త చక్రం ఎక్కించాక గన్ను నట్టును తాకనే లేదు.

జపానోళ్ళకు అది చెయ్యెత్తడమే. వెంకటరామారావుకూ అదే. అతను షెడ్డుల్లో తిరిగినవాడు కాదు. రూప్లి మాత్రం ఆ చెయ్యిని పెళ్ళయిన నాటి నుంచి చూస్తోంది. బొగ్గు లారీకి చక్రం ఎక్కిస్తే, నట్టు బిగించే ముందు తాకి మొక్కాలి. దేవ్లా తండ్రి బద్యా మామ అట్లా చేసేవాడు. ఆయన చనిపోయాక సోమ్లి కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. లారీ కింద రెండు గడియలు మొక్కినా అడిగేవాడు లేడు. జపాన్‌లో క్షణానికొక కారు దాటిపోతుంటే ఎవడు ఊరుకుంటాడు? అందుకే ఏడు పందేల దాకా దేవ్లా దొంగచాటుగా చక్రాన్ని తాకి మోకాలికి రాసుకుని సరిపెట్టాడు. ఆ సంగతి మొన్న శనివారమే నోరు జారి తల్లికి చెప్పాడు.

సోమ్లి స్పీకరు పగిలేటట్టు అరిచింది. “మోకాలుకు మొక్కుతర్రా ఎవడన్నా? మీ బాపును మింగిన పని అది! రేపు సరిగ మొక్కు. నెత్తికి తాకాలె. నా మీద ఒట్టు.”

“సరే యాడీ,” అన్నాడు దేవ్లా.

రూప్లి పక్కనే ఉంది. అత్తతో ఎందుకులే అని ఊరుకుంది. ఇప్పుడు ఆ ఊరుకోవడమూ తప్పే అనిపించింది. సంత చెయ్యకుండానే ఖాళీ సంచితో ఆటో ఎక్కింది.

సోమ్లి వాకిట్లో పత్తి కుప్ప ముందు కూర్చుని ఆకుముక్కలు ఏరుతోంది.

“అత్తా, గన్ను మంచిగనే ఉంది. నీ కొడుకు బిగించనే లేదు. మొక్కిండు. గా చెయ్యి చూసి బోర్డోడు కారు ఇడిసిండు.”

సోమ్లి చేతులు ఆగలేదు. “ఎవడు చెప్పిండు?”

“నా కండ్లతోని చూసొచ్చిన.”

“చూస్తే చూసినవ్. దేవునికి మొక్కుడు తప్పెట్లయితది?”

“మొక్కుడు తప్పని నేనన్ననా? ముసలాయన మీదికి తోసుడు తప్పు.”

“గాయన మనకేమన్న చుట్టమా?”

“గుడ్లు తిన్నప్పుడు చుట్టమేనా?”

సోమ్లి అప్పుడు తలెత్తింది. “నీ మామ ఒక్కరోజు మొక్కకపోతే లారీ మీద పడ్డది. నీకేం ఎరుక?”

“జాకీ పాతదయితే పడ్డది! మార్చమని షెడ్డు సేటుకు పదిసార్లు చెప్పిండని నువ్వే చెప్తివి. గా సేటును ఒక్క మాట అనవు. మొక్కలేదని సచ్చినోణ్ణే అంటవు.”

ఆ మాట అనకూడదని అంటున్నప్పుడే తెలిసింది. అన్నది అన్నదే. సోమ్లి పత్తి ఒళ్ళోంచి దులిపేసి లేచింది. “నోరు మూసుకొని ఉండు. ఎవనికీ తెల్వదు. నా కొడుక్కు వచ్చే ఏడు కూడా అక్కడ నౌకరీ ఉంటది. నువ్వు ఆగం చెయ్యకు.”

ఎవరికీ తెలియదు. ఇట్లాంటి మాట రూప్లి ఇంతకుముందు విన్నది. నిరుడు తండా బడిలో ఆమె వంట మనిషి. కాంట్రాక్టరు పాడైన నూనె పంపితే పిల్లలకు వాంతులయ్యాయి. చేతులు కడుక్కోకుండా వండిందని రూప్లిని తీసేశారు. ఆ నూనె డబ్బా మూత తీసినప్పుడు పక్కన ముక్కు మూసుకున్నది తోటి వంట మనిషి. విచారణ నాడు ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది. “నాకేం తెల్వదు సార్” అంది. ఆ పిల్లల తల్లుల కళ్ళ ముందు నుంచి రూప్లి బోరింగు నీళ్ళకు పోవాలంటే నాలుగు నెలలు సిగ్గుతో చచ్చిపోయేది. అప్పుడు కోయంబత్తూరు నుంచి దేవ్లా ఆ తోటి మనిషిని తిడుతూ ఫోన్లో ఎగిరి పడ్డాడు.

ఆదివారం స్పీకరు ముందు ఇద్దరూ కూర్చున్నారు. దారి పొడుగునా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఫోను మోగగానే సోమ్లి చెయ్యి చాపేలోపు రూప్లి ఎత్తింది.

“నట్టు బిగించినవా?”

“ఏందే?”

“తెలుగుల్నే అడుగుతున్న. బిగించినవా లేదా?”

వెంకటరామారావు జిరాక్సు మిషను ఆపి, వినడం లేదన్నట్టు కాగితాలు సర్దసాగాడు.

“బొమ్మ చూసిన. నెత్తికి మొక్కినవ్. గన్ను నట్టును తాకలే.”

“చిన్నగ మాట్లాడు.”

“ఎందుకు? ఇక్కడ జపానోళ్ళు లేరు. చెప్పు.”

“భయమైందే,” అన్నాడు దేవ్లా. “కారు పోయి గోడకు తాకంగనే అందరు నన్నే చూసిండ్రు. గన్నా అని మేనేజర్ అడిగిండు. అవ్ అన్న. ఒక్కటే మాట వచ్చింది నోట్లకెళ్ళి.”

“తర్వాత వారం రోజులున్నయ్ గద. ఇంకో మాట రాలేదా?”

“చెప్తే పంపిచ్చేస్తరు. సుజుక ఊళ్ళె ఒక్క పందెమే మిగిలింది. అది అయితే వచ్చే ఏడుకు కాయితం రాసిస్తమన్నరు.”

“ముసలాయన ఏమంటుండు?”

“ఏమనడు. గన్ను మొత్తం ఊడదీసి, ఒక్కొక్క ముక్క తుడిచి, బల్ల మీద పెట్టుకొని చూస్తనే ఉంటడు. యాడ తప్పు చేసిన్నో అని. రోజు గదే పని.”

రూప్లికి ఒళ్ళంతా మండింది. “లేని తప్పు కోసం గా ముసలాయన దేవులాడుతుంటే పక్కన నిలబడి చూస్తున్నవా! నిరుడు నాకేం చెప్పినవ్? తెలిసి నోరు మూసుకున్నది మనిషేనా, ఊరు ఇడిసి పోవాలె అన్నవ్. గప్పుడు గా నోరు యాడికెళ్ళి వచ్చింది?”

“గది వేరే...”

“ఏం వేరే? నా బదులు ముసలాయన కూసున్నడు గంతే గద? నేల చూపులు చూసినామె బదులు నువ్వు కూసున్నవ్.”

సోమ్లి ఫోను లాక్కోబోయింది. “బిడ్డా, దాని మాట ఇనకు...”

రూప్లి ఆమె చేతిని పట్టుకుని పక్కకు పెట్టింది. మెల్లగానే పట్టుకుంది, కానీ వదల్లేదు.

“రేపు మీటింగుల చెప్పాలె,” అంది.

“ఎట్ల చెప్పాలె? మేనేజరు ఊళ్ళె లేడు. నాకు గా భాష రాదు. మొక్కుడంటే వాళ్ళకేం సమజైతది?”

“చక్రం కాడికి వాళ్ళను తోల్కపో. కూసో. తాకి మొక్కు. గన్ను పక్కన పెట్టి చూపియ్యి. కండ్లుంటే సమజైతది.”

“ఇజ్జత్ పోతదే.”

“పోనియ్యి. ఇంటికి రా. పత్తి ఏరుదువు.”

ఫోను పెట్టేసింది. వెంకటరామారావు, “గట్ల మొకం మీద అంటే ఎట్లమ్మా, దూరదేశంల ఉన్నోణ్ణి,” అన్నాడు.

“దగ్గర ఉంటే ఇంకా గట్టిగ అందును,” అంది రూప్లి.

సోమవారం మధ్యాహ్నం సోమ్లి రానంది. రూప్లి ఒక్కతే వచ్చి మూడింటి నుంచి బూత్‌లో కూర్చుంది. నాలుగున్నరకు ఫోను మోగింది.

“చూపిచ్చిన,” అన్నాడు దేవ్లా.

“సమజైందా వాళ్ళకు?” అంది రూప్లి.

“మొదలు సమజ్ కాలే. రెండుసార్లు చేసిన. రెండోసారి బోర్డు పట్టుకునేటోడు నా చెయ్యి పట్టుకొని, బొమ్మ ఆపి, దాని పక్కన పెట్టి చూసిండు. గప్పుడు అందరికి సమజైంది.”

“ముసలాయన?”

“గన్ను తీసి మళ్ళ పెట్టెల పెట్టుకుండు. నా దిక్కు చూడలే. పొయ్యేటప్పుడు కూడా చూడలే.”

“నౌకరీ ఉన్నట్టేనా ఆయనకు?”

“ఉంది. నాకే లేదు. సుజుకకు కూడా తీస్కపోరంట. శుక్రవారం ఇమానం. సంతోషమేనా నీకు?”

“సంతోషం యాడిది? వారం రోజులు సూసుకుంట ఉన్నవన్న కోపం ఇంకా ఉంది. గది ఒక్క ఫోనుతోని పోదు.”

“యాడి ఏమంటుంది?”

“వచ్చి నువ్వే అడుగు.”

తండాకు చేరేసరికి సోమ్లి గడపలో కూర్చుని ఉంది. కోడలి మొహం చూసి అడగాల్సింది అడగకుండానే తెలుసుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

“నా కొడుకు నోటికాడి కూడు తీసినవ్,” అంది.

“అవ్,” అంది రూప్లి. “శుక్రవారం బయలెల్లి వస్తుండు. వచ్చినంక మళ్ళ చక్రాల పనికే పోతడు, ఆయనకు వేరే పని రాదు. మొక్కుకుంటడో మానుకుంటడో ఆయన ఇష్టం. నువ్వు మాత్రం ఒట్టు పెట్టకు.”

గడపలో కూర్చున్న అత్తను దాటుకుని రూప్లి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. కట్టె పచ్చిది, పొగ లేచింది. ఊదగొట్టంతో ఊదుతూనే ఉంది. ఇద్దరికి సరిపడా బియ్యమే పోసింది. అత్త తింటే తింటుంది, లేకుంటే పొద్దున చద్దన్నం అవుతుంది.