రైలు చూపులు

పెనుకొండ స్టేషన్ వస్తుందంటే నేను తల అటు తిప్పుకుంటాను. హిందూపురం నుంచి ధర్మవరం పోయే బండి ఎప్పుడెక్కినా ఇదే తంతు. కొండ బాగుంటుందంటారు, కోట ఉందంటారు. ఉండనీ, నాకేం. ఆ ఊరి మగపిల్లవాడు ఒకడు నన్ను చూసి, వద్దనుకుని, రైలు దిగిపోయాడు. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, మా తనూజ ఇంటర్‌కు వచ్చింది. అయినా ఆ ఊరి మీద నా కోపం వీసమెత్తు తగ్గలేదు.

మాది కదిరి పక్కన నంబులపూలకుంట. మా వైపు అప్పట్లో రైలు చూపులని ఒక పద్ధతి ఉండేది. పెళ్ళిచూపులు ఇంట్లో పెడితే ఊరంతా తలుపు సందుల్లోంచి చూస్తుంది. వచ్చినవాడు వద్దన్నాడా, ఇక ఆ పిల్లకు ‘చూసిపోయిన పిల్ల’ అని పేరు పడుతుంది. అందుకని ధర్మవరం నుంచి కదిరి వచ్చే మీటర్ గేజి బండిలో చూపించేవాళ్ళు. మేం దాన్ని చిన్న బండి అనేవాళ్ళం. పెట్టెలు ఎంత ఇరుకంటే ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. నడక కూడా తీరుబడి నడకే. పిల్లను చూడ్డానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

పిల్ల తరఫువాళ్ళు పొద్దున్నే ధర్మవరం పోయి, చీరల కోసం వచ్చినట్టు నాలుగు అంగళ్ళు తిరిగి, తిరుగు బండి ఎక్కాలి. పిల్లవాడు అక్కడ ఒక్కడే ఎక్కి వాళ్ళ ఎదురుగా కూర్చోవాలి. ఎవరూ ఎవరినీ పలకరించకూడదు. పిల్ల నచ్చితే కదిరి దాకా వస్తాడు. నచ్చకపోతే దారిలో ముదిగుబ్బలోనో మలకవేములలోనో దిగిపోతాడు. పిల్ల తరఫువాళ్ళకు నచ్చకపోయినా అంతే, వాళ్ళే ముందు దిగిపోవచ్చు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి కదిరి ప్లాట్‌ఫారం మీద పూలూ పండ్లూ పట్టుకుని కాచుకుని ఉంటాడు. రెండు పక్షాలూ అక్కడ దిగితే సంబంధం కుదిరినట్టు. వద్దు అనే మాట ఎవరి నోటా రాదు, ఎవరి మొహమూ చిన్నబోదు అనేవాళ్ళు పెద్దవాళ్ళు. ఆ పెద్దవాళ్ళెవరూ దిగిపోయినవాడి ఎదురు బల్ల మీద కూర్చుని చూడలేదు.

నాకు తెచ్చిన సంబంధం పేరు శ్రీకాంత్. పెనుకొండలో బోరు మోటార్ల అంగడి. తెచ్చినవాడు మా నాయన ఈరన్నకు చిన్ననాటి నుంచీ ప్రాణస్నేహితుడు, కదిరి ఓబుళప్ప మామ. ఆ రోజు కిటికీ పక్కన నేను, నా పక్కన మా అవ్వ అక్కమ్మ, ఆ చివర నాయన. ఎదురుగా అతను. తెల్ల చొక్కా, తడితో అణిచి దువ్విన జుట్టు. చూడకూడదనుకుంటూనే అంతా చూశాను.

చిన్నేకుంటపల్లి దాటాక పట్టాల మీదికి గొర్రెల మంద వచ్చింది. డ్రైవరు కూత వేస్తాడు, గొర్రెలు వినవు. కాసేపు చూసి మా అవ్వ లేచి నిలబడింది.

“గొర్రెలే బిరీన పోతాండాయి. దిగి వాటెంబడి పోదాం పదండి, కదిరికి ముందే చేరుకుంటాం,” అంది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నా నవ్వు మామూలు నవ్వు కాదు, పక్క పెట్టెకు వినబడుతుంది. అతను కూడా నవ్వేశాడు. నవ్వి, నన్ను చూసి, తల వంచుకున్నాడు. సంబంధం ఖాయమని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఓబుళప్ప మామ తెచ్చే పూలు కనకాంబరాలా మల్లెలా అని కూడా ఆలోచించాను, సిగ్గు లేకుండా.

ముదిగుబ్బలో ఎదురు బండి కోసం మా బండిని ఆపేశారు. చాలాసేపు ఆగింది. అతను లేచాడు. నావైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి పోయి దిగాడు. ఎదురు బండి పోయింది. మా బండి కూత వేసి కదిలింది. ఎదుటి బల్ల ఖాళీగానే ఉంది.

నాయన మొహం నల్లబడింది. మొదట గొణిగాడు, తర్వాత గొంతు పెంచాడు. అతన్నీ, వాళ్ళ అమ్మనూ, వాళ్ళ వంశాన్నీ పెట్టెలో జనమంతా వింటుండగా తిట్టిపోశాడు. మలకవేముల రాగానే లేచాడు.

“దిగండి. ఓబుళప్ప ముందర ఈ మొగం పెట్టుకోని దిగల్నా?” అన్నాడు.

దిగి, దొరికిన టెంపో ఎక్కి ఊరు చేరాం. మర్నాడు పొద్దున్నే ఓబుళప్ప మామ మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఇద్దరూ గొడవ పడ్డారు. నేను వంటింట్లో ఉన్నాను. ‘మా గడప తొక్కద్దు’ అని నాయన అరవడం ఒక్కటే వినబడింది. ఏమన్నాడని అవ్వ అడిగితే, “తప్పయిపోయిందని చెప్పేకి వచ్చినాడు. ఆ మాట ఏం చేసుకోవల్ల?” అన్నాడు. అంతే, ఆ స్నేహం తెగిపోయింది. ఓబుళప్ప మామ చనిపోయినప్పుడు కూడా నాయన చూడ్డానికి పోలేదు.

నెల తిరగకుండానే నన్ను హిందూపురం ఇచ్చారు. మా ఆయన మంచివాడు, చింతపండు వ్యాపారం. ఆయన మీద చెప్పడానికి నాకేమీ లేదు. కానీ ఆ బండిలో నేనొక పాఠం నేర్చుకున్నాను, ఆ నవ్వు వల్లే చెడిందని. పళ్ళు బాగాలేవేమో, గొంతు మగగొంతేమో, ఆడపిల్ల అంత గట్టిగా నవ్వచ్చునా అనుకున్నాడేమో. అప్పటినుంచీ నలుగురిలో పెదాలు బిగించే నవ్వుతాను. “అమ్మా, నువ్వు నవ్వేటప్పుడు పంటి నొప్పి వచ్చినదానిలా ఉంటావు,” అంటుంది తనూజ. కొన్నాళ్ళకు చిన్న బండి ఆపేశారు, ఆ పట్టాలు పీకేసి పెద్ద పట్టాలు వేశారు. మా వైపు అందరూ బాధపడ్డారు. నేను మాత్రం పీడా పోయిందనుకున్నాను.

పోయిన నెలలో మా తమ్ముడు నాగేష్ కొడుక్కి కదిరి నరసింహస్వామి గుడిలో పుట్టెంట్రుకలు తీయించారు. మేనత్తను, పోకపోతే ఎలా? ఒక్కదాన్నే బయలుదేరాను. పెనుకొండలో అలవాటు ప్రకారం తల అటు తిప్పుకుని, బండి కదిలాక ఇటు తిప్పితే ఎదురుగా అతనే కూర్చుని ఉన్నాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. అయినా గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు. అతను ఫోన్ చూసుకుంటున్నాడు. ధర్మవరంలో దిగి కదిరి బండిలో కావాలనే ముందు పెట్టె ఎక్కాను. ఇప్పటి బండ్లలో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచి రావచ్చు కదా, ఖాళీ వెతుక్కుంటూ మళ్ళీ నా ఎదుటికే వచ్చి కూర్చున్నాడు.

“మీరు నంబులపూలకుంట ఈరన్నగారి పాప కదా? మహేశ్వరి,” అన్నాడు.

ఇన్నేళ్ళ కోపం. ఊరుకునే రకాన్నా నేను?

“ముదిగుబ్బ వచ్చేస్తాంది. లెయ్యండి, దిగల్ల కదా మీరు,” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. “ల్యా, నేను కదిరికి పోతాండా.”

“ఈసారన్నా పోతాండారు. సంతోషం.”

“ఈసారేంది? అప్పుడూ వచ్చినా కదా కదిరికి. మీరే ల్యాకపోతిరి.”

నేను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కాదు. అతని మొహంలో ఉన్నది నాలాంటి పాత దెబ్బే.

“ముదిగుబ్బలో దిగలేదా మీరు?”

“దిగినా. ప్లాట్‌ఫారం మీద సీతాఫలాల గంపలు పెట్టుకోనుండ్రి. మీరు కిటికీలోంచి వాటికేసే చూస్తాంటిరి. మాట్లాడకూడదంట కదా, పండ్లన్నా ఇద్దామని దిగినా. ఆయమ్మ ఏరి ఇచ్చేలోగా బండి కదిలిపాయ. పరిగెత్తి ఎనక పెట్టె ఎక్కినా. చిన్న బండిలో పెట్టెకూ పెట్టెకూ దోవ యాడుండాది, మీ కాడికి వచ్చేకి? కదిరిలో దిగి చూస్తే ఓబుళప్ప మామ ఒక్కడే ఉండె. మీరు ముందే దిగిపోయినారంటే ఇష్టం ల్యాదన్నట్టు కదా. మా అమ్మ ఎంత బలవంతం చేసినా రెండేండ్లు ఇంగ ఏ చూపులకూ పోలేదు నేను.”

నేను సీతాఫలాలను చూడలేదు. అతన్ని చూడలేక అటు చూశాను. ఆ సంగతి అతనికి చెప్పాను. తర్వాత ఇళ్ళ సంగతులు చెప్పుకున్నాం. అతని భార్య పేరు సుమ అట, ఇద్దరు కొడుకులట. తనూజ గురించి నేనూ చెప్పాను. మా ఇద్దరి సంసారాలకూ ఏ లోటూ లేదు. అయినా ఏడుపు వచ్చింది, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మలకవేముల దాటాక గానీ నాకు ఒక అనుమానం తట్టలేదు. శ్రీకాంత్ కదిరిలో దిగడం ఓబుళప్ప మామ కళ్ళారా చూశాడు. మరి మర్నాడు మా ఇంటికి వచ్చి తప్పయిపోయిందని ఎందుకంటాడు? ఏమి చెప్పడానికి వచ్చి ఉంటాడు? కదిరి వచ్చేదాకా నరసింహస్వామికి ఒకటే మొక్కుకున్నాను. నాయనకు ఈ సంగతి తెలిసి ఉండకూడదు స్వామీ, నాలాగే ఆయన కూడా మోసపోయి ఉండాలి.

కదిరి ప్లాట్‌ఫారం మీద నాయన నిలబడి ఉన్నాడు. శ్రీకాంత్ నా బ్యాగు కిందికి దించి, ఆయనకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

“ఎవరమ్మా ఆయప్ప?” అన్నాడు నాయన.

“పెనుకొండ శ్రీకాంత్. ఆ పొద్దు ముదిగుబ్బలో పండ్లు కొనేకి దిగినాడంట నాయనా. ఎనక పెట్టెలో కదిరి దాకా వచ్చినాడంట.”

అయ్యో అంటాడని, ఎంత పని జరిగిందే అని తల పట్టుకుంటాడని చూశాను. ఓదార్చడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. నాయన తల పట్టుకోలేదు. పక్కన ఉన్న బల్ల మీద కూర్చున్నాడు.

“ఓబుళప్ప చెప్పినాడు,” అన్నాడు.

“ఎప్పుడు?”

“మర్నాడే. రా, పోయి మాట్లాడదాం, పిల్లోడు మంచోడు అనె. బండి నిండా జనం ఇంటాంటే వాళ్ళమ్మను అనరాని మాటలు అంటి కదా. మళ్ళా నేనే పోయి మా పిల్లను చేసుకో అని ఏ మొగంతో అడిగేది?”

“దానికి మామతో మాటలు ఎందుకు మానుకుంటివి? ఆయప్పదేం తప్పు?”

“ఆ పిల్లోడు కదిరికి వచ్చిన సంగతి తెలిసినోడు వాడొక్కడే కదమ్మా.”

బండి కదిలిపోయింది. దిగినవాళ్ళంతా బయటికి పోయారు. నాకు అరవాలనిపించింది.

“ఆయన వద్దనుకోని పాయ, నాలో ఏందో తక్కువుండాది అనుకుంటి నాయనా, ఇన్నేండ్లూ.”

నాయన నా మొహంలోకి చూడలేదు.

“తెలుసు తల్లీ,” అన్నాడు.

తెలీదని చెప్పి ఉంటే బాగుండేది. నమ్మేసేదాన్ని.