చిక్కుడు తర్వాత చెట్టు

ఈ సంగతి మొదట చెప్పింది బడిలో గంట కొట్టే ఆయా. హెడ్మాస్టరు వేరేగా చెప్తాడు. ఆయన మాట కావాలనుకున్నవాళ్ళు ఇక్కడితో ఆపి ఆయన దగ్గరికే పోవచ్చు.

సైన్సు టీచరు రోజూ సాయంత్రం స్టవ్వు మీద పాలు పెట్టి, ఫోను పంచదార డబ్బాకి ఆనించి, మర్నాటి పాఠానికి వీడియోలు వెతికేది. ఒకదాంట్లో పాఠం కంటే పాట ఎక్కువ. ఇంకోదాంట్లో ఒకడు చెవులు పగిలేలా అరుస్తాడు. మరోదాంట్లో వేరు పైకి పోయేలా బొమ్మ వేశారు. "వీడికెవరు చెప్పారో సైన్సు" అని గొణుక్కుని పక్కకి తోసేసేది. తను చివరిదాకా చూడనిది పిల్లలకి చూపించిన పాపాన పోలేదు.

చిక్కంతా రోజుల్ని కుదించి చూపించే వీడియోలతోనే. మొలక పెరిగిన పది రోజుల్నీ అర నిమిషంలో చూపిస్తే, ఆ పది రోజులూ గదిలో అందరికంటే పెద్దవాళ్ళ వయసులో కలుస్తాయి. అది తెలియనివాళ్ళెవరు? అందుకే కోడలు ఫోను తీయగానే అత్తగారు కూరగాయల పళ్ళెం పట్టుకుని వరండాలోకి నడిచేది.

"సీతాకోకచిలుక ఒక్కటే అత్తయ్యా. మూడు వారాలే."

"నువ్వు చూసుకో తల్లీ. నాకున్నవే నాలుగు రోజులు."

అలా ఇంట్లో ఒకసారి, క్లాసులో ఒకసారి, టీచరు వయసు రెండింతలు ఖర్చయ్యేది. అదే క్లాసులో చదివే కూతురు తల్లి తలలో తెల్ల వెంట్రుక చూసి ముఖం ముడుచుకునేది.

"ముందు చూడకుండానే చూపించొచ్చుగా అమ్మా?"

"తప్పుంటే? ఒకసారి తప్పు నేర్చుకుంటే అది బుర్రలోంచి పోదే."

హెడ్మాస్టరు ఆమె కంటే బాగా పెద్దవాడు. గేటు మీద 'వీడియో పాఠాల బడి' అని రాయించి పేరంతా తనే కొట్టేశాడు గానీ, వీడియో నడుస్తుంటే ఆ గది గడప మాత్రం దాటేవాడు కాదు.

ఆ రోజు చిక్కుడు మొలక వీడియో అయిపోయింది. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తుంటే, ఫోను దానంతటదే తర్వాతి వీడియో ఎత్తుకుంది. గింజ పగిలింది. ఆమె వెనక్కి తిరిగింది. ముప్ఫై ఏళ్ళ చెట్టు. పేరు చూసి ఎన్నిసార్లో దాటేసిన వీడియో. ఆపడానికి చెయ్యి చాచింది.

వెనక బెంచీలో ఎప్పుడూ తల వాల్చి పడుకునే పిల్ల లేచి నిలబడింది. "ఆపకండి టీచర్. కొమ్మ వేస్తోంది."

చెయ్యి అక్కడే ఆగింది. గడప బయట హెడ్మాస్టరు కనిపించాడు.

"సార్, కాసేపు లోపలికి వస్తారా?"

"ఆఫీసులో ఫోను మోగుతోందమ్మా," అని ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. ఏ ఫోనూ మోగలేదు. ఆయా అక్కడే, గంట పక్కనే ఉంది.

బళ్ళో ఎప్పుడూ "టీచర్" అనే పిలిచే కూతురు, "అమ్మా, ఆపు" అంది.

"ఉండు. పూత రానీ."

పూత వచ్చింది, కాయ వచ్చింది, మాను లావెక్కింది. టీచరు మెల్లగా బల్ల పట్టుకుని కూర్చుంది.

వెనక బెంచీ పిల్ల అడిగింది. "ఇంత చెట్టూ ఆ గింజలోనే ఉందా టీచర్?"

"లేదమ్మా. గాలిలోంచీ నీళ్ళలోంచీ తెచ్చుకుంది." జవాబు సరైనదే. గొంతు మాత్రం ముసలిది.

సాయంత్రం కూతురు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. అత్తగారు కోడల్ని చాలాసేపు చూసి, తన పడక కుర్చీ ఇచ్చేసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఫోను తీసినా ఆవిడ వరండాలోకి వెళ్ళలేదు. వెళ్ళే పని లేకపోయింది.

బడి హాల్లో ఆమె ఫొటో కింద 'వయసు మీరినందున విరమణ' అని రాసి ఉందట. రాయించింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ పొద్దున బడికి వెళ్ళేటప్పుడు ఆమెకి నిండా నలభై లేవు. అక్షరాలు కుదురుగా రాయగలిగినవాళ్ళెవరైనా వెళ్ళి ఆ ముక్క చెరిపి, 'పాఠం మధ్యలో ఆపలేదు' అని రాయండి. నాకు రాత అంతగా రాదు, లేకపోతే ఈపాటికి నేనే దిద్దేవాణ్ణి.