కుట్టకూడని చిరుగులు

"మొహం కాస్త సరిచేసుకుని రా," అన్నాడు మొగుడు గొంతు తగ్గించి. ఆమె టీ ట్రేతో వంటింటి గుమ్మంలో ఆగింది. ప్రతి ఆదివారంలాగే ముందుగదిలో ఆడపడుచు, ఆవిడ భర్త, పిల్లలు. పన్నెండింటికి వస్తే ఆరింటికిగానీ లేవరు. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ పట్టదు, మొహం మాత్రం అందరికీ కావాలి. మొగుడు చెడ్డవాడేం కాదు. తాగడు, తిట్టడు. "నీకేం తక్కువైందని ఆ ఏడుపు మొహం?" అని మాత్రం పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. ఏడుపేం లేదు, ఊరికే ఉంటే ఆమె మొహం అలాగే ఉంటుందంటే నమ్మడు. ఆమె పెదాలు సాగదీసుకుని ట్రే పట్టుకెళ్ళింది.

మర్నాడు హడావిడిలో "పోతున్నా అత్తయ్యా" అని చెప్పులేసుకుంటుంటే అత్తగారు ఆపింది. "పోతున్నా అనకూడదమ్మా, వెళ్ళొస్తా అనాలి. ఎన్నిసార్లు చెప్పాలి?" ఆమె వెనక్కి తిరిగి "వెళ్ళొస్తా" అంది. ఈ ఇంట్లోంచి కదలాలంటే తిరిగొస్తానని హామీ ఇచ్చి మరీ కదలాలి. అత్తగారు అది ప్రేమతోనే అంటుందని ఆమెకు తెలుసు, అందుకే ఇంకా చిరాకు.

ఆమె పని బట్టలు సరిచేసే కొట్టులో. చిరిగిన చోటు కనపడకుండా దారంతో అల్లడంలో ఆమెకు ఆమే సాటి. యజమాని ఆ మాట ఎన్నడూ పైకి అనడు. "కస్టమర్లొస్తే కాస్త పళ్ళు కనపడాలమ్మా" అని మాత్రం రోజూ అంటాడు. ఆ కస్టమర్లలో ఒకమ్మాయి, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, నల్లటి పొడుగు గౌను ఇచ్చి వెళ్ళింది. పెదాలు నలుపు, గోళ్ళు నలుపు, కళ్ళ చుట్టూ నలుపు. "గోతిలోంచి లేచొచ్చినట్టుంది," అన్నాడు యజమాని ఆ పిల్ల అటు వెళ్ళగానే.

అడిగింది లోపలి లైనింగు కుట్టమని. కానీ చేతుల మీద మూడు చిరుగులు కనిపించాయి. చూస్తూ వదిలేయడం ఆమెకు చేతకాదు. రెండు గంటలు కూర్చుని, భూతద్దం పెట్టి వెతికినా దొరకనంత బాగా అల్లేసింది. గురువారం అమ్మాయి వచ్చి గౌను విప్పి చూసి, చేతుల్ని అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, ఇక్కడ చిరుగులుండాలి కదా?"

"కుట్టేశాను. దానికేం తీసుకోనులే."

"అవి నేను కావాలని చింపుకున్నవక్కా."

కావాలని చింపుకోవడమేమిటి? ఆ సిగ్గులో ఆమె పెదాలు సాగదీయడం కూడా మర్చిపోయింది. అమ్మాయి ఆ మొహంలోకి కాసేపు చూసి, "మీ మొహం ఇలాగే బాగుంది," అంది. ఇలా నలుపు వేసుకుని దిగులు పాటలు వినే మాలాంటివాళ్ళని గోత్‌లంటారు, అని చెప్పింది. పాత రికార్డులమ్మే కొట్టు వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు కలుస్తారట. బస్సు నడిపే ఆవిడ ఒకరొస్తుందట, యాభై దాటిందట.

"అక్కడ ఏం చేస్తారు?"

"ఏం చెయ్యం. పాటలు వింటాం. దిగులుగా ఉంటే దిగులుగానే కూర్చుంటాం. ఏమైందని ఎవరూ అడగరు. రండి, మూడింటికి."

ఆ రెండు రోజులూ ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. ఏమైందని ఎవరూ అడగని గది. అలాంటిది ఒకటుందని తెలియకముందే బాగుండేది, ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు పప్పు ఉడుకుతున్నా అదే, మిషను తొక్కుతున్నా అదే. ఈ వయసులో వేషాలేమిటి అనుకుంది. వెళ్ళకపోతే మళ్ళీ ఎప్పటికీ వెళ్ళనని భయం కూడా వేసింది. కొట్టులో మిగిలిన నల్లగుడ్డ కొనుక్కుని, మధ్యాహ్నం అన్నానికి లేచే టైములో పొడుగు జుబ్బా కుట్టుకుంది. చేతికి చిరుగు పెట్టబోతే కత్తెర ముందుకు కదల్లేదు. అన్నేళ్ళూ కలపడమే నేర్చిన వేళ్ళు. నాలుగోసారికి కళ్ళు మూసుకుని చింపేసింది. ఆ చప్పుడుకు ఆమెకు నవ్వొచ్చింది, ఎవరూ అడగని నవ్వు.

ఆదివారం అందరికీ వడ్డించి, గిన్నెలు కడక్కుండా సింకులో వదిలేసి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి ముందుగదిలో అందరూ తలలు తిప్పి చూశారు.

"వదినా, చెయ్యి దగ్గర చిరిగింది, చూసుకున్నావా?" అంది ఆడపడుచు.

"చూసుకున్నా."

మొగుడు పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎవరు పోయారని ఈ నలుపు? మొహం చూడు, చావుకెళ్తున్నట్టు. టీ పెట్టే వేళకి ఏమిటిది?"

ఆమె చెప్పులు వేసుకుంది. పెదాలు సాగలేదు, ఆమె సాగదీయనూ లేదు.

"ఎవరూ పోలేదండీ. నేనే పోతున్నా."

అత్తగారు అలవాటు కొద్దీ నోరు తెరిచింది. "పోతున్నా అనకూడదమ్మా, వెళ్ళొ..."

"పోతున్నా అత్తయ్యా," అంది ఆమె మళ్ళీ, నెమ్మదిగా, తలుపు తీస్తూ.