వీరాచారి బిగించిన తలుపు

ప్రత్తిపాడులో మిరపకాయలకు తొడిమలు తీసే ఆ పాకలోకి కొత్తవాళ్లెవరొచ్చినా ముందు తుమ్ముతారు, తర్వాత కళ్లు తుడుచుకుంటారు, ఆ తర్వాత మూలనున్న మీరా హుస్సేన్ని చూసి నోరు తెరుస్తారు. పాతికమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడు, మూతికి తువ్వాలు చుట్టుకుని, నవల చదువుతూ ఉంటాడు.

తొడిమలు తీయడం ఆడవాళ్ల పని. మీరా హుస్సేన్ పదిహేనేళ్లు ముఠాలో బస్తాలు మోశాడు. ఒకనాడు నడుం పట్టేసింది. ముఠావాళ్లు నాలుగు రోజులు చూశారు, ఐదోరోజు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. అదీ వాళ్ల స్నేహం. నలభై ఆరేళ్ల వయసులో వచ్చి ఆడవాళ్ల పక్కన గంప ముందేసుకుని కూర్చున్నాడు. "ఏరా మీరా, గాజులేసుకున్నావా?" అని పాత ముఠావాళ్లు బజార్న పోతూ కేకేసేవాళ్లు. పళ్లు కొరుక్కునేవాడు.

చదివి వినిపించడం మొదలుపెట్టాక ఆ కేకలు తగ్గాయి. తీసిన గంపను బట్టే కూలి కాబట్టి, చదువుతూ కూర్చుంటే అతని గంప నిండదు. అందుకని ఆడవాళ్లే ఒక పద్ధతి పెట్టారు. అతను పేజీ తిప్పినప్పుడల్లా తలా ఒక పిడికెడు తొడిమ తీసిన కాయలు అతని గంపలోకి విసురుతారు. ఎవరూ అడగరు, ఎవరూ లెక్కపెట్టరు. పేజీ తిరిగితే పిడికెళ్లు పడతాయి. బతుకులో అతనికి దక్కిన మర్యాద అదొక్కటే.

పుస్తకాలు ఊళ్లోని గ్రంథాలయంలో తెచ్చుకునేవాడు. దాన్ని చూసేది జానకిరామయ్య మాస్టారు. ఆ ఎండాకాలం మాస్టారు ఒక కొత్త నవల చేతిలో పెట్టి, "ఈమధ్యే అచ్చయింది. ఎవరో కొత్త రచయిత. నీకు కొరుకుడు పడుతుందో లేదో" అన్నాడు. ఆ చివరి మాట మీరా హుస్సేన్‌కు మిరప ఘాటులా అంటుకుంది.

పాకలో మొదటి రెండు రోజులు నవల బాగానే సాగింది. ఊరు, వాన, అప్పులవాళ్లు, ఒక వడ్రంగి. ఆ వడ్రంగి పేరు వీరాచారి, తన ఇంటికే తలుపు చేస్తూ చేస్తూ, సగంలో, మంగళవారం నాడు చచ్చిపోయాడు. పాకంతా అయ్యో అంది. మీరా హుస్సేన్ పేజీ తిప్పాడు, పిడికెళ్లు పడ్డాయి. తర్వాతి వాక్యం దగ్గర అతని నోరు ఆగిపోయింది.

శుక్రవారం పొద్దెక్కాక వీరాచారి ఇంటికొచ్చాడు, కాళ్లకు దుమ్ముతో. "ఇంతసేపా?" అని పెళ్లాం పేరమ్మ కసిరి మజ్జిగిచ్చింది. తాగి, ఉలి తీసి, తలుపు బిగించడానికి కూర్చున్నాడు.

అంతే రాసి ఉంది. దెయ్యమని లేదు, దేవుడి మహిమని లేదు. చచ్చినవాడు వచ్చాడు, మజ్జిగ తాగాడు.

మీరా హుస్సేన్ గొంతు సవరించుకుని, "పేరమ్మకు కల వచ్చింది. కలలో వీరాచారి ఇంటికొచ్చాడు" అని చదివాడు.

ఎందుకన్నాడో అప్పటికప్పుడు అతనికీ తెలియదు. ఒకసారి అన్నాక ఇక ఆగే వీల్లేదు. నవలలో వాన ఎర్రగా కురిస్తే కల అన్నాడు. చింతచెట్టు రాత్రికి రాత్రి పక్కవీధికి నడిచి వెళితే అదీ కలే అన్నాడు.

"ఈ ఊళ్లో అందరూ నిద్రపోతానే ఉంటారేందిరా?" అంది పెద్దావిడ కొండమ్మ. "పని చేసేదెప్పుడు?"

అందరూ నవ్వారు. మాబూబీ నవ్వలేదు. అతనికి వరసకు చెల్లెలు. వేళ్లు కాయల మీద ఉన్నా చెవులు కథ మీదే ఉండే మనిషి.

"అన్నా, ఒక్క మాట. నిన్న వీరాచారి తలుపు బిగించింది కలలో గదా. ఇయ్యాల పేరమ్మ ఆ తలుపేసి గొళ్లెం పెట్టిందన్నావు. కలలో బిగించిన తలుపుకు తెల్లారి గొళ్లెం ఎట్టా పడుద్ది?"

మీరా హుస్సేన్ పుస్తకంలోంచి తలెత్తలేదు. "వాళ్ల తమ్ముడొచ్చి బిగించాడు. చెప్పడం మర్చిపోయా."

"ఆఁ, అట్టా చెప్పు."

ఆ మర్నాడు ఒక పేజీ మధ్యలో ఉంది, వీరాచారి తల్లికి ఒక్కగానొక్క కొడుకని. అది నోటి నుంచి జారిపోయాక గానీ మీరా హుస్సేన్‌కు తెలియలేదు.

"ఒక్కగానొక్క కొడుకా? మరి తమ్ముడేడీ?" అంది కొండమ్మ.

"ఏట్లో కొట్టుకుపోయి ఉంటాడు" అని ఎవరో అంటే పాకంతా గొల్లున నవ్వింది. మాబూబీ మాత్రం కోడలి వైపు తిరిగింది. పాకలో అక్షరాలొచ్చిన రెండో మనిషి ఆ నజీరాయే. "అమ్మాయ్, ఆ పుస్తకం ఇట్టా తీసుకో."

నజీరా వెనక్కి తిప్పి, కూడబలుక్కుంటూ చదివింది. కల లేదు. తమ్ముడు లేడు. వీరాచారి వచ్చాడు, మజ్జిగ తాగాడు, తలుపు బిగించాడు.

"ఇంత బాగుంటే, ఏం పోయేకాలమొచ్చి పాడుచేశావురా?" అంది కొండమ్మ.

"మేం అక్షరం రానోళ్లమనేగా" అంది మాబూబీ. మెల్లగానే అంది.

నజీరా పుస్తకం అతనికిచ్చేసింది. అతను తర్వాతి పేజీ చదివి, తిప్పాడు. గంపలో ఒక్క పిడికెడూ పడలేదు. ఇంకో పేజీ తిప్పాడు. పడలేదు. పుస్తకం మూసి కాయలు ముందుకు లాక్కున్నాడు.

సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి పుస్తకం బల్ల మీద పెట్టాడు. "తీసుకోండి మాస్టారూ. చచ్చినోడు మజ్జిగ తాగడమేందండి? చదువుకున్నోళ్ల చేష్టలు."

జానకిరామయ్య కళ్లజోడు తీశాడు. "చింతచెట్టు నడిచేదాకా వచ్చావా?"

"అది దాటి చాలా దూరం పోయానండి."

"నేను అక్కడే ఆపేశానోయ్" అన్నాడు మాస్టారు. "నాకే కొరుకుడు పడలేదు. ముగింపేమిటో నువ్వు చెబుతావనుకున్నా."

మీరా హుస్సేన్ పుస్తకం మళ్లీ తీసుకున్నాడు.

తెల్లారి పాకలో పుస్తకం పక్కనే ఉన్నా అతను తెరవలేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మాబూబీ వచ్చి ఎదురుగా కూర్చుంది. "చదువుతావా, నజీరాకిమ్మంటావా?"

"ఇచ్చెయ్. నాకెందుకు?"

"అసలు ఎందుకట్టా చేశావన్నా?"

అతను తువ్వాలు కిందికి లాగాడు. "మా నాయన సత్తెనపల్లిలో ఒకళ్లింట్లో దూది ఏకుతా, సగం పరుపు దగ్గర పోయాడు. వడదెబ్బ. మూడోనాడు ఆ ఇంటోళ్లు కబురుపెట్టారు, పరుపు పూర్తి చెయ్యమని. ఎవరున్నారు? నేనే పోయా. పదేళ్లు నాకు. దూదేకే విల్లు నాకంటే పొడుగు. నాలుగు రోజులు ఏకా. మళ్లీ బడి మొహం చూడలా."

అతను పక్కనున్న పుస్తకాన్ని వేలితో చూపించాడు.

"ఈ వీరాచారి తిరిగొచ్చి తన పని తనే చేసుకున్నాడంట! మజ్జిగ కూడా తాగాడంట! మా నాయన రాలేదే? ఆ ఇంట్లో ప్రతి అలికిడికీ గుమ్మం వైపు చూశా. రాలా."

చుట్టుపక్కల చేతులు ఆగిపోయాయి. కొండమ్మ ముక్కు చీదింది. ఆ పాకలో అది ఘాటుకో, ఏడుపుకో ఎవరూ చెప్పలేరు.

"మీ నాయన రాలేదని వీరాచారిని కూడా రావద్దంటావా?" అంది మాబూబీ. లేచి తన గంప దగ్గరికి వెళ్లిపోయింది.

మీరా హుస్సేన్ పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత తువ్వాలు మూతికి చుట్టుకుని, వెనక్కి, శుక్రవారం దగ్గరికి తిప్పాడు.

"శుక్రవారం పొద్దెక్కాక వీరాచారి ఇంటికొచ్చాడు" అని చదివాడు. ఆగాడు. నీళ్ల ముంత ఎవరో ముందుకు జరిపారు. తాగలేదు. "కాళ్లకు దుమ్ము. ఇంతసేపా అని కసిరి పేరమ్మ మజ్జిగిచ్చింది."

"కసరదా మరి? మూడు రోజులాయె" అంది కొండమ్మ. "ఒరే మీరా, ఆ మజ్జిగలో ఉప్పేసిందా, లేదా?"

అతను ఆ వాక్యాన్ని వేలితో మొదటినుంచి చివరిదాకా వెతికాడు.

"రాయలేదు పెద్దమ్మా."

"పోన్లే, నువ్వు చెప్పు."

"రాయంది నేను చెప్పను" అన్నాడు మీరా హుస్సేన్.

వీరాచారి ఉలి తీశాడు. చెక్క పొట్టు రాలింది, తలుపు చట్రంలో కూర్చుంది. ఆ పేజీ అక్కడికి అయిపోయింది. మీరా హుస్సేన్ తలెత్తకుండా పేజీ తిప్పాడు.

ముందు మాబూబీ పిడికెడు పడింది.