గురువారం బీరువాలు

సంపూర్ణమ్మ రోజూ ఎనిమిదింటికి బెజవాడలో కంకిపాడు బస్సు దిగి, కాలవ గట్టు మీది లైబ్రరీ తెరిచి, పేపర్లు బల్లల మీద సర్దేది. పుస్తకాలు మాత్రం తొమ్మిది బీరువాల్లో తాళాలేసి ఉండేవి. ఎవరికి ఏ పుస్తకం అవసరమో, వాళ్ళు గడప దాటగానే అది లోపల్నించి తలుపు కొట్టేది. ఊళ్ళో అందరికీ తెలిసిందే.

"నాది కొడుతోందండీ," అనేవాళ్ళు.

"గురువారం రండి," అనేది ఆవిడ, పళ్ళు బిగబట్టి.

తాళంచెవులు లైబ్రరీ సెక్రటరీ ఆదిశేషయ్య దగ్గరుండేవి. బట్టల వ్యాపారి. వారానికి ఒక్కరోజే వచ్చి తీసేవాడు. అడిగితే, పుస్తకాలు పోతాయనేవాడు.

సాయంత్రాలు ఆవిడ అక్కడే లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కోర్సు చెప్పేది. "పుస్తకం చదివేవాడి చేతికందాలి" అని పాఠం చెబుతుంటే వెనక బీరువాలు దబదబలాడేవి. క్లాసంతా నవ్వేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు లెక్చరర్లయ్యారు. అదే ఉద్యోగానికి ఆవిడ పెట్టిన అర్జీ మాత్రం నాలుగుసార్లు తిరిగొచ్చింది.

డెబ్బై నాలుగులో ఒక సోమవారం మధ్యాహ్నం ఆదిశేషయ్య వచ్చాడు. గురువారం మంగళగిరిలో చీరల బేరం ఉందట. హాల్లో ఇద్దరే. మూడో బీరువా టకటకా కొట్టింది.

"నాకు కాదండీ. అందులోవన్నీ నేను చదివినవే," అంది సంపూర్ణమ్మ.

ఆయన తల వంచుకున్నాడు. "నాకేనమ్మా. పదకొండేళ్ళుగా కొడుతోంది. గురువారం జనంలో అయితే ఎవరిదో తెలీదని..."

తీసి చూస్తే అక్షరాల పుస్తకం. ఆయనకి సంతకం తప్ప ఏమీ రాదు.

మైలవరం నుంచి రెండు బస్సులు మారి వచ్చి ఉత్తచేతులతో వెళ్ళిన నర్సు గుర్తొచ్చింది ఆవిడకి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఇందుకా ఈ తాళాలు!" అంది. కాసేపటికి కుర్చీ లాగి, "కూర్చోండి," అంది కోపంగానే.

ఆ వారమే బీరువాలన్నీ బార్లా తెరుచుకున్నాయి.

మరుసటేడు ఆవిడ ఐదో అర్జీకి జవాబు సెక్రటరీ పేరనే వచ్చింది. ఆదిశేషయ్య కవరు చించి, వేలు పెట్టి పైకి చదివాడు. "అ... న... ర్హు... రా... లు." ఆగి, మళ్ళీ మొదట్నించీ చదివాడు.

"ఇది తప్పమ్మా."

"సరిగ్గానే చదివారు లెండి," అంది ఆవిడ విసుగ్గా.

"నా చదువు కాదు. వాళ్ళ రాత తప్పు."

జవాబు తనే రాశాడు. మూడు రోజులు పట్టింది. అలాంటివి పద్నాలుగు రాశాడు. డెబ్బై ఎనిమిది జూన్‌లో సంపూర్ణమ్మకి లెక్చరర్‌గా ఆర్డరొచ్చింది. అప్పటికి సర్వీసు రెండేళ్ళే మిగిలింది.

వెళ్ళి చేరింది.