ఎడమచేతి కార్డు

వార్డు ఆఫీసు హాల్లో గోడకు చార్టు అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే గానీ నొప్పులక్కకు తాను చేసిన తప్పు కనిపించలేదు. అప్పటికే హాలు నిండిపోయింది. మూడో వరసలో ఆమె పిన్ని, ఆ పక్కనే పిన్ని కూతురు కూర్చున్నారు. ముందు బల్ల దగ్గర ఆరోగ్యశాఖ అధికారి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయనకు కుడివైపు లాండ్రీ మేనేజరు కాలు మీద కాలేసుకుని, పెళ్ళికొచ్చినంత తీరుబడిగా ఉన్నాడు. చార్టు ఇప్పుడు పీకేస్తే ఇన్నాళ్ళ శ్రమ నీళ్ళపాలు. పీకకపోతే, పిన్ని రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట గోడకెక్కినట్టే.

దర్జీ కొట్టు మీద రెండు గదులు తీసుకుని నొప్పులక్క నడిపే చోటికి బోర్డు మీద పేరు ‘స్వస్థత’. ఆ పేరు ఆమె తప్ప ఇంకెవరూ పలికిన పాపాన పోలేదు. అందరికీ అది నొప్పులక్క గది. పొద్దున ఒక గదిలో మెడకూ నడుముకూ కసరత్తులు, మధ్యాహ్నం రెండో గదిలో బల్ల మీద మర్దన. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీధి చివరి పెద్ద లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళు. నడుం నొప్పని వచ్చి, నొప్పి తగ్గాక కూడా కబుర్ల కోసం వచ్చేవారు. ఒకరి బిడ్డకు జ్వరమొస్తే ఇంకొకరు షిఫ్టు మార్చుకునేవారు. ఎవరైనా ఇల్లు మారుతుంటే పదిమంది సామాన్లకు చెయ్యేసేవారు. ఇదంతా తన గదిలోనే మొదలైందని నొప్పులక్కకు గర్వం, ఆ గర్వం దాచుకునే అలవాటు కూడా ఆమెకు లేదు.

కొత్తగా వచ్చిన మనిషికి ఆమె ముందు ఒక కార్డు ఇస్తుంది. దాని మీద మనిషి ఆకారం గీసి ఉంటుంది, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. నొప్పి ఉన్న చోట ఎవరికి వారే ఎర్ర పెన్సిలుతో గీసుకోవాలి. ఆమె చెయ్యి పడకూడని చోట నల్ల పెన్సిలుతో ఇంటూ పెట్టాలి. ఆ ఇంటూ ఎందుకని ఆమె ఎవరినీ అడగదు. నోటితో చెప్పుకోలేనివి మనుషులు పెన్సిలుతో చెబుతారని ఆమె నమ్మకం. నిజంగానే చెప్పేవారు, ఆరునెలలకోసారి కార్డు మార్చినప్పుడు ఇంకా ఎక్కువ చెప్పేవారు.

మూడు నెలల కింద లాండ్రీలోకి కొత్త మరకల పొడి వచ్చింది. తడి దుప్పటి మీద చల్లి చేత్తో రుద్దితే మరక పోతోంది, దాంతోపాటు చేతి తోలూ పోతోంది. చేతులకు గ్లవ్సు ఇమ్మని అడిగితే, సబ్బుకు భయపడే మహారాణులు ఇక్కడే దొరికారని మేనేజరు నవ్వాడట. కార్డులు మార్చే రోజు వచ్చింది. ముప్పై ఒక్క కార్డుల్లో ముంజేతుల మీద ఎరుపు. నొప్పులక్కకు ఒళ్ళు మండింది. ఆ మంట మీదే ఆరోగ్యశాఖకు ఫిర్యాదు రాసి పంపింది, దాని మీద విచారణే ఇవాళ.

కార్డులు చూపించడానికి ఆడవాళ్ళు సరేనన్నారు, ఒక్క షరతు మీద. పేర్లు బయటపడకూడదు, పడితే పనులు పోతాయి. నొప్పులక్క మాటిచ్చింది. కార్డులు రంగుల్లో జిరాక్సు తీయించి, పేర్ల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, వరసలుగా చార్టుకు అతికించి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని మురిసిపోయింది. అక్కడే పప్పులో కాలేసింది.

మరకలు రుద్దే బల్ల దగ్గర అందరిదీ కుడిచెయ్యే. పిన్ని ఒక్కదానిదే ఎడమచేతి వాటం. పక్కవాళ్ళ మోచెయ్యి తగలకుండా ఆమెను బల్ల చివర నిలబెడతారని లాండ్రీలో తెలియనివారు లేరు. ముప్పై బొమ్మలకు ఎరుపు కుడి ముంజేతి మీద ఉంటే ఒక్క బొమ్మకు ఎడమ ముంజేతి మీద ఉంది. ఆ ఒక్క బొమ్మకే ఎడమ రొమ్ము మీద నల్లటి ఇంటూ ఉంది.

ఆ ఇంటూ వెనక సంగతి నొప్పులక్కకూ, ఆపరేషన్ చేసిన డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కింద పిన్నికి రొమ్ము తీసేశారు. అదే నెలలో కూతురికి మొదటి కడుపు నిలవలేదు. దాని ఏడుపు దానికుంటే నాది కూడా నెత్తిన వేయనా అని, ఎవరో స్నేహితురాలి కూతురి పురుడంటూ అబద్ధమాడి పిన్ని నెల రోజులు నొప్పులక్క ఇంట్లోనే ఉంది. తర్వాత చెబుదామనుకుంది. ఒకసారి చెప్పకపోతే మాట రోజురోజుకూ బరువెక్కుతుంది కదా, ఇక చెప్పలేకపోయింది. ఇప్పుడు కూతురికి ఏడో నెల. లాండ్రీలోనే రసీదులు రాస్తుంది. అమ్మ పక్కన కూర్చుని చార్టు వైపు కుతూహలంగా చూస్తోంది.

“ఈ గీతలు ఎవరు గీశారమ్మా?” అన్నాడు అధికారి.

“ఎవరి బొమ్మ మీద వాళ్ళే గీసుకున్నారు సార్.”

“వాళ్ళంతా ఈ లాండ్రీ వాళ్ళేనని రుజువేంటి?”

“నేను చెబుతున్నాను కదండీ” అంది నొప్పులక్క. ఆ జవాబు ఆమెకే చప్పగా వినిపించింది.

మేనేజరు నవ్వాడు. “సార్, ఈవిడ డాక్టరు కాదు. ఒళ్ళు పట్టి పంపించే మనిషి. పెన్సిలిస్తే మా మనవరాలు కూడా ఇలాంటివి నాలుగు గీసిపెడుతుంది.”

హాల్లో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. అధికారి నవ్వలేదు. మంచివాడే, కాకపోతే కాగితానికి భయపడే రకం. “పేరు లేని బొమ్మ మీద నేను సంతకం పెట్టలేనమ్మా. ఒక్కరు లేచి ఇది నాదే అంటే తనిఖీకి రాస్తాను.”

ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు? తిండి పెట్టే మనిషి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, లేవడమంటే మాటలా? అందరూ తమ చేతుల వైపే చూసుకుంటున్నారు.

మేనేజరు లేచి చార్టు దగ్గరకు వచ్చాడు. పై వరస నుంచి వేలు పెట్టి ఒక్కో బొమ్మనూ చూడసాగాడు. మొదటి వరస అయింది. రెండోది. మూడోది. నొప్పులక్క చార్టు పక్కకు జరిగింది. పిన్ని బొమ్మ నాలుగో వరస చివర ఉంది. ఇతను బొమ్మలు లెక్కపెడుతున్నాడా, మనుషులను పోల్చుకుంటున్నాడా? ఆ వేలు నాలుగో వరస మొదట్లో ఆగింది, కదిలింది, రెండో బొమ్మ దాటింది. ఆమె ఇక ఆగలేక అరచెయ్యి ఆ చివరి బొమ్మ మీద పెట్టేసింది.

మేనేజరు వేలు గాల్లోనే ఉండిపోయింది. “చెయ్యి తీయండి.”

“ఈ ఒక్కటి తీసేద్దాం సార్” అంది ఆమె అధికారితో. “మిగతా ముప్పై ఉన్నాయి కదా.”

“ఒకటి దొంగదైతే ముప్పైకీ దిక్కేంటి సార్?” అన్నాడు మేనేజరు.

“అమ్మా, చెయ్యి తీయండి” అన్నాడు అధికారి. “దాస్తే నాకూ అనుమానమే వస్తుంది.”

ఆమె బొమ్మను పర్రున చింపి పిడికిట్లో నలిపేసింది. అయినా నలిపేలోపే అతనికి చూడాల్సినదంతా కనిపించింది.

“ఎడమచెయ్యి” అన్నాడు మేనేజరు, మెల్లగా, రుచి చూస్తున్నట్టు. “మా దగ్గర ఎడమచేత్తో రుద్దేది ఒక్కరే. మరి రొమ్ము మీద ఆ ఇంటూ ఏంటండీ? అది కూడా మా పొడి చేసిందేనా?”

హాల్లో ఉన్న తలలన్నీ మూడో వరస వైపు తిరిగాయి. నొప్పులక్కకు మేనేజరు చెంప పగలగొట్టాలనిపించింది. అంతకన్నా ముందు తన చెంప.

“ఏంటమ్మా అది?” అంది పిన్ని కూతురు.

“ఇంటికెళ్ళాక చెబుతాను.”

“ఇప్పుడు చెప్పు.”

పిన్ని లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “ఆపరేషనైంది. రెండేళ్ళైంది. బాగానే ఉన్నాను” అంది. కూతురు కూడా లేవబోతుంటే భుజం పట్టి కూర్చోబెట్టింది. “నువ్వు లేవకు, ఈ వేడికి కళ్ళు తిరుగుతాయి.”

తర్వాత ఆమె వరసలు దాటుకుని అధికారి బల్ల దగ్గరకు నడిచింది. నొప్పులక్క వైపు చూడలేదు. ఎడమచేతి జాకెట్టు పొడుగు చెయ్యి మోచేతి దాకా పైకి లాగి, చేతిని ఆయన కాగితాల మీద పెట్టింది. ముంజేతి మీద తోలు పొరలుగా లేచి, మధ్యలో పచ్చిగా ఉంది.

“ఆ ఇంటూ నా సొంత గొడవ సార్. దానికీ పొడికీ సంబంధం లేదు. ఇది మాత్రం పొడి పనే. నా పేరు రాసుకోండి.”

ఆయన రాసుకున్నాడు. పిన్ని చెయ్యి తీయకుండా, ఆయన రాసింది ఒకసారి చదివించుకుని మరీ విన్నది. వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. మడతలు పెట్టే ఆవిడ లేచింది. తర్వాత ఇంకొకరు. ముప్పైమందీ ఏం లేవలేదు, ఏడుగురు లేచారు. ఏడు చాలన్నాడు అధికారి. గురువారం తనిఖీ, అప్పటిదాకా పొడి డబ్బాలకు సీలు, ఈలోగా పేరిచ్చిన వాళ్ళ పని జోలికి వస్తే ఆ సంగతి తానే చూస్తానని మేనేజరుకు వినబడేలా చెప్పి సంతకం పెట్టాడు. మేనేజరు ఫోను తీసుకుని బయటికి నడిచాడు.

నొప్పులక్క ఆరాటంగా వరండాలోకి పరుగెత్తింది. పిన్ని కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

“పిన్నీ, నాది పొరపాటు. ఎడమచెయ్యి సంగతి నాకు తట్టలేదు.”

“ఎడమచెయ్యి గుర్తుపడితే పట్టేవాడు. పని పోతే పోయేది, ఇంకోటి చూసుకునేదాన్ని” అంది పిన్ని. “నువ్వు చెయ్యి అడ్డం పెట్టబట్టే కదే వాడు ఇంటూ దాకా చూసింది. అందరి ఒళ్ళూ కాపలా కాస్తావు. నన్ను విడిగా అడిగి ఉంటే, ఈ బొమ్మ వద్దని నేనే చెప్పేదాన్ని.”

అడగలేదు. ముప్పై ఒక్కటి అంటే గోడ మీద నిండుగా ఉంటుందనుకుంది, అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటికి కూడా ఆమెకు సిగ్గేసింది.

పిన్ని కూతురు గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది.

“నీకెప్పటి నుంచి తెలుసక్కా?”

“మొదటి నుంచీ.”

“కట్లు ఎవరు మార్చారు?”

“నేనే.”

“ఇప్పుడూ చేస్తున్నావా ఏమైనా?”

“చెయ్యి వాస్తుంది” అంది నొప్పులక్క. “అటువైపు చంకలో గ్రంథులు తీసేశారు కదా, నీరు దిగదు. వారానికి రెండుసార్లు నేను పట్టి దింపుతాను.”

చెల్లెలు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. “రెండేళ్ళు మా అమ్మ వాచిన చేత్తో దుప్పట్లు రుద్దింది. అదే చోట అద్దాల కౌంటరు వెనక కూర్చుని నేను రసీదులు రాశాను” అంది. “ఎలా పట్టాలో నాకు చూపించు. ఆ తర్వాత నువ్వు చెయ్యక్కర్లేదు.”

నొప్పులక్క పిన్ని వైపు చూసింది. పిన్ని ముఖం కిటికీ వైపే ఉంది, కానీ ఎడమచెయ్యి చాపి ఇద్దరి మధ్య పెట్టింది.

“పుండున్న చోటు తాకకు. ముందు భుజం దగ్గర మొదలుపెట్టాలి” అంది నొప్పులక్క. “దారి చేశాక కింది నుంచి పైకి.” చెల్లెలి వేళ్ళు పిన్ని మోచేతి పైన ఆనించి, వాటి మీద తన వేళ్ళు పెట్టింది. “గట్టిగా వద్దు. చర్మం కదిలితే చాలు.”

“ఇంత మెల్లగానా?”

“ఇంత మెల్లగానే.”

మూడుసార్లు కలిసి పైకి జరిపారు. నాలుగోసారి నొప్పులక్క తన చెయ్యి తీసేసింది. చెల్లెలి చెయ్యి ఆగలేదు, సరిగానే వెళ్తోంది. పిన్ని కళ్ళు మూసుకుంది. నొప్పులక్క హాల్లోకి వెళ్ళి గోడ మీది చార్టు ఒక్కతే ఊడదీయసాగింది.